గ్రాఫ్‌లో శనివారాలు

మా టెంట్ క్యాంపర్‌లో ఎవరో అన్నం వండుకుంటున్నారని నేను కనిపెట్టింది, దానికి పది కిలోమీటర్ల దూరంలో మా వంటింట్లో నిలబడి, మా ఆయన ఫోన్‌లో ఒక గ్రాఫ్ చూసి. జనవరి నెల చివరి ఆదివారం అది. ఉదయం పదకొండు దాటింది. ఉప్మా కలుపుతున్న గరిటె అలాగే చేతిలో ఉండిపోయింది.

"ఏమండీ, అందులో మనిషి ఉన్నారు" అన్నాను.

"ఎందులో?" అన్నారాయన, ల్యాప్‌టాప్‌లోంచి తల ఎత్తకుండా.

"మీ ప్రయోగంలో."

ఆ ప్రయోగం సంగతి ముందు చెప్పకపోతే నా గుండె ఎందుకు జారిందో ఎవరికీ అర్థం కాదు. కాబట్టి చెబుతాను.

మా ఆయన పేరు ఆంజనేయప్రసాద్. అమెరికాలో పదకొండేళ్లు గ్రీన్‌కార్డు క్యూలో నిలబడి, విసుగెత్తి కెనడాలో కిచెనర్ అనే ఊరికి వచ్చి పడ్డాం. ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. ఆయన ప్రోగ్రాములు రాస్తారు, నేను వేరే కంపెనీలో టెస్టింగ్. అంటే పాతికేళ్లుగా ఇతరుల తప్పులు పట్టి జీతం తీసుకుంటున్నదాన్ని. ఒక్కగానొక్క కూతురు ఎడ్మంటన్‌లో యూనివర్సిటీలో చదువుతోంది. దానికి రోజూ ఫోన్ చేసి, గదిలో వెచ్చగా ఉందా లేదా అని అడిగి తిట్లు తినడం నా దినచర్య.

కూతురు వెళ్లాక ఇంట్లో పొద్దుపోక మా ఆయన ఒక పాత టెంట్ క్యాంపర్ కొన్నారు. కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే పెట్టె అది. పైకప్పు పైకి లేపితే చుట్టూ గుడ్డ గోడలు నిలబడతాయి. రెండు పక్కలా సొరుగుల్లా రెండు మంచాలు బయటికొస్తాయి. లోపల చిన్న గ్యాస్ స్టవ్, ఒక బల్ల. గోడలు గుడ్డవి కాబట్టి సెప్టెంబర్ దాటితే బుద్ధి ఉన్నవాళ్లెవరూ అందులో పడుకోరు. మా ఆయన పడుకుంటానన్నారు. కెనడాలో చలికాలం కూడా క్యాంపింగ్ చేయవచ్చని నిరూపించి తీరతానన్నారు.

ఇక చూడండి ఆ వేసవంతా. మంచాల కింద రెండంగుళాల ఫోమ్ బోర్డులు. కిటికీలన్నిటికీ కొలిచి కోసిన వెండిరంగు బుడగల షీట్లు. నేల మీద ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే ఫోమ్ చాపలు. పైన మందపాటి కంబళి తొడుగు. అతుకు కనబడితే చాలు, టేపు. "సూది దూరే సందు ఉండకూడదు చాముండీ" అంటూ మోకాళ్ల మీద పాకుతుంటే, ఇంట్లో ఊడిన పంపు బిగించమని రెండేళ్లుగా అడుగుతున్న నాకు ఒళ్లు మండేది. రెండే రెండు సందులు వదిలారు. గాలి కోసం కింద ఒక తూము, పైన ఒక తూము.

వీధిలో ట్రెయిలర్ పెట్టుకోనివ్వరు కాబట్టి ఊరి చివర ఒక రైతు దగ్గర, గడ్డి యంత్రాలు పెట్టుకునే షెడ్డు కింద ఉంచాం. అక్టోబర్‌లో థాంక్స్‌గివింగ్ సెలవులకి మా తెలుగు క్యాంపింగ్ గ్రూపునంతా అక్కడికి పిలిచి ఆయన ఉపన్యాసం ఇచ్చారు. నేను గిన్నెడు పులిహోర కలిపి పట్టుకెళ్లాను. ముప్పైమంది వచ్చారు. పులిహోర కోసం ఎందరో, ఫోమ్ కోసం ఎందరో నేను చెప్పను.

వాళ్లలో ఒక పిల్ల. బక్కగా, తనది కాని పెద్ద కోటు వేసుకుని, ఎవరి కారులోనో ఎక్కి వచ్చింది. స్టూడెంట్. పేరు బాల అంది. అందరూ సెల్ఫీలు తీసుకుంటుంటే ఆ పిల్ల ఒక్కతే ఫోన్‌లో రాసుకుంటూ ప్రశ్నలు వేసింది. "వరసగా ఎన్ని రాత్రులు ఉండొచ్చు అంకుల్?" "మైనస్ పదిహేనుకి ఆగుతుందా అంకుల్?" "లోపల వంట చేస్తే గోడలకి నీళ్లు పడతాయా?"

మా ఆయన ఎగిరి గంతేసినంత పని చేశారు. "ఇన్నాళ్లకి ఒక్క మనిషి సరైన ప్రశ్న అడిగింది" అని ఆ తూములు రెండూ చూపించి, "ఇవి మాత్రం ఎప్పుడూ మూయకూడదమ్మా. మూసి స్టవ్ వెలిగిస్తే విషవాయువు. వాసన కూడా ఉండదు. మనిషి కునికిపాట్లు పడుతూనే పోతాడు" అని వివరంగా చెప్పారు. ఆ పిల్ల అది కూడా రాసుకుంది. తరవాత పులిహోర రెండో ప్లేటు, మూడో ప్లేటు పెట్టించుకుంది. బాగా కుదిరింది కాబోలు అని నేను మురిసిపోయాను.

వెళ్లేటప్పుడు ఆయన అందరికీ చెప్పారు: "ఎవరైనా, ఎప్పుడైనా వచ్చి చూసుకోండి. తలుపుకి నంబర్ తాళం. నంబర్ గ్రూపులో పెడుతున్నాను." పెట్టారు కూడా. ఆ తాళం నంబర్ మా పెళ్లయిన సంవత్సరమే.

డిసెంబర్ చివర్లో రైతు దంపతులు ఎండ కోసం ఫ్లోరిడా వెళ్లిపోయారు. మా ఆయన క్యాంపర్‌లో ఉన్న రెండు పరుపులూ ఎలుకలు కొడతాయనీ, చెమ్మ పడతాయనీ ఇంటికి తెచ్చి మా బేస్‌మెంట్‌లో గోడకి ఆనించారు. బేస్‌మెంట్ ఎటూ ఖాళీయే. ఆగస్టులో అద్దెకిస్తామని గ్రూపులో పెట్టాను గానీ, ఫోన్లన్నీ స్టూడెంట్లవే. ఒకరికిస్తే ఆరుగురు దిగుతారని, నీళ్లు వదిలేస్తారని, చేపలు వేయిస్తారని అందరూ భయపెట్టారు. నాకూ ఎందుకొచ్చిన గొడవలే అనిపించింది. నాలుగు రోజులకి ప్రకటన తీసేశాను. అందులో థర్మోస్టాట్ ఇరవై దగ్గర పెట్టి ఉంచాం, పరుపులకి బూజు పట్టకుండా.

మరో చిన్న సంగతి. నవంబర్‌లో మా ఇంటికి ఎవరిదో ఉత్తరం వచ్చింది. కవరు మీద బాలత్రిపురసుందరి అని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పేరు. చాముండేశ్వరి అన్న నా పేరు బ్యాంకువాళ్లు పలకలేక చస్తున్నారు, ఈవిడ సంగతేమిటో అని నవ్వుకున్నాను. ఈ పేరు గలవారు ఇక్కడ లేరు అని రాసి తిరిగి పోస్టుడబ్బాలో వేశాను.

జనవరి ఒకటిన ప్రయోగం మొదలైంది. క్యాంపర్ లోపల చలి, తేమ కొలిచే చిన్న పరికరం పెట్టి, రైతు వైఫైకి కలిపి, ముప్పై రోజులు తలుపు తెరవకూడదని మా ఆయన తనకి తానే నియమం పెట్టుకున్నారు. తెరిస్తే లెక్క తప్పుతుందట. హీటరు లేకుండా, ఒట్టి ఫోమ్‌తో లోపల ఎంత వెచ్చగా ఉంటుందో ప్రపంచానికి చూపిస్తారట. మధ్యలో ఎప్పుడైనా వెళ్లినా బయట చుట్టూ తిరిగి చూసి రావడమే.

మొదటి వారం లెక్క ఏడుపుగొట్టుగా వచ్చింది. బయట మైనస్ తొమ్మిదైతే లోపల మైనస్ ఏడు. ఆయన అన్నం సరిగ్గా తినలేదు. ఏడో తారీఖు నుంచి అద్భుతం జరిగింది. బయట మైనస్ పన్నెండు, లోపల ఐదు. బయట మైనస్ పదిహేను, లోపల నాలుగు. ఆవకాయ ఊరడానికి మూడు రోజులు పట్టినట్టు ఫోమ్ కూడా కుదురుకోవడానికి టైమ్ తీసుకుందని ఆయన సిద్ధాంతం. గ్రాఫ్ గ్రూపులో పెట్టారు. చప్పట్లు, దండాలు, నిప్పు బొమ్మలు. వచ్చే వారం జూమ్‌లో ఉపన్యాసం చెప్పమన్నారు. ఆ ఆదివారం నాకు ఫోన్ ఇచ్చింది అందుకే. "నువ్వు టెస్టర్‌వి కదా, ఏదైనా లోపం ఉంటే పట్టు" అన్నారు, ఉండదన్న ధీమాతో.

చలి గీత నేను చూడలేదు. దాని కింద తేమ గీత ఉంది. అది చూశాను. రోజూ పొద్దున్న ఆరింటికి చిన్న గుట్ట. రాత్రి ఏడున్నరకి పెద్ద గుట్ట.

"ఇదేమిటండీ?"

"ఫోమ్ తేమ వదులుతుంది."

"గడియారం చూసుకుని వదులుతుందా?"

ఆయన వినిపించుకోలేదు. నేను వేలితో జరుపుతూ పోయాను. సోమవారం గుట్ట, మంగళవారం గుట్ట, శుక్రవారం గుట్ట. శనివారం రాత్రి లేదు. ముందు శనివారం? లేదు. ఆ ముందు శనివారం? అదీ లేదు. మూడు శనివారాలూ పొద్దుటి చిన్న గుట్టతో సరి, రాత్రికి గీత నేల మీద పడుకుంది.

"శనివారం మీ ఫోమ్‌కి ఒక్కపొద్దా?" అన్నాను నవ్వుతూ.

అన్నాక నా మాట నాకే వినిపించింది. నవ్వు ఎక్కడికి పోయిందో పోయింది. మా అమ్మ శనివారం రాత్రి పొయ్యి వెలిగించేది కాదు. మా అత్తగారూ అంతే. వెంకన్నబాబు కోసం పగలు ఒక్క పూట భోజనం, రాత్రికి ఇంత పండు. ఎలుకలకీ, ఉడతలకీ, ఈ దేశపు దొంగలకీ శనివారం రాత్రి అన్నం మానేసే అలవాటు ఉండదు. పొద్దుటి గుట్ట కాఫీ. రాత్రి గుట్ట కుక్కర్. ఆ గుడ్డ గోడల మధ్య, ఆ చలిలో, మూడు వారాలుగా ఒక తెలుగు మనిషి కాపురం ఉంటోంది.

అప్పుడు అన్నాను, అందులో మనిషి ఉన్నారని.

చెప్పేసరికి ఆయన ముందు కొట్టిపారేశారు. శనివారాలు చూపించాను. మూడో శనివారం చూసేసరికి ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. నేను ఆశ్చర్యం అనుకున్నాను. కాదు.

"చాముండీ" అన్నారు. "నిన్న పొద్దున్న తూములు మూసేశాను."

"ఏం తూములు?"

"గాలి తూములు. రెండూ. బయటి నుంచే, వెనక వైపు. తలుపు వైపు వెళ్లనే లేదు. ఫోమ్ కుక్కి టేపు వేశాను. చివరి నాలుగు రోజులు ఇంకొంచెం మంచి నంబర్ వస్తుందని... లోపల మనిషి ఉండరు కదా, గాలెందుకని..."

"విషవాయువుకి కూసే అలారం ఉంది కదండీ లోపల?"

"చలికి ఊరికే కూస్తోందని బ్యాటరీ తీసేశాను."

ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. నిన్న శనివారం, రాత్రి పొయ్యి వెలగలేదు. ఇవాళ ఆదివారం, ఆరింటి చిన్న గుట్ట కూడా లేదు. పదకొండూ పదికి తేమ గీత పైకి లేవడం మొదలుపెట్టింది. నేను చూస్తుండగానే ఇంకో చుక్క పెరిగింది. వేడి తొమ్మిది, పదకొండు, పద్నాలుగు. మూసిన పెట్టెలో, ఎవరో, ఇప్పుడు, ఈ నిమిషాన స్టవ్ వెలిగించారు.

చెప్పుల్లోనే మంచులోకి పరిగెత్తాం. ఆయన కారు నడుపుతుంటే నేను 911కి ఫోన్ చేశాను. లోపల ఎంతమంది అని అడిగారు. తెలీదన్నాను. వాళ్లెవరు అని అడిగారు. తెలీదన్నాను. మీ ట్రెయిలర్‌లో ఎవరున్నారో మీకు తెలీదా అని అడిగిందావిడ, చాలా మర్యాదగా. నా జన్మలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఇంకో చేతిలో గ్రాఫ్ పెరుగుతూనే ఉంది. పదిహేడు. పద్దెనిమిది. దారి పొడుగునా మా ఆయన ఒకటే మాట, "మనిషి ఉండరనుకున్నాను చాముండీ, మనిషి ఉండరనుకున్నాను." నేను ఓదార్చలేదు. నోరు మూసుకుని నడపమన్నాను.

షెడ్డు కింద క్యాంపర్ చక్కగా, బుద్ధిగా నిలబడి ఉంది. తలుపు దాకా మంచు తొక్కి గట్టిపడిన సన్నటి కాలిబాట. గడప ముందు మంచు మీద పసుపుతో గీసిన చిన్న ముగ్గు. తెల్లటి మంచు మీద తెల్లటి పిండి కనబడదని పసుపు వాడింది కాబోలు. రెండు రోజులు తలదాచుకునే చోట ఎవరూ ముగ్గు పెట్టరు. ఇల్లు అనుకుంటేనే పెడతారు.

తలుపు బాదాం. పలకలేదు. లోపలి నుంచి గడియ పెట్టి ఉంది. మా ఆయన పరుగున వెళ్లి తూముల్లోని ఫోమ్ పీకి పారేశారు. తరవాత జేబులోంచి, ఫోమ్ కోయడానికి వాడే కత్తి తీశారు. వేసవంతా ఆ గుడ్డ గోడ మీద నన్ను గోరు కూడా తగలనివ్వని మనిషి, పై నుంచి కింది దాకా ఒక్క వేటున చీల్చేశారు. కంబళి, వెండి షీటు, గుడ్డ, అన్నీ. వెచ్చటి ఆవిరి, ఉడికిన పప్పు వాసన మా ముఖాల మీదికి కొట్టాయి.

ఆ పిల్ల స్టవ్ ముందు నేల మీద కూర్చుని, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఉంది. అదే పెద్ద కోటు. బాల. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, లేవలేకపోతోంది. ఆయన స్టవ్ ఆర్పి చంకల కింద చేతులు వేశారు. నేను కాళ్లు పట్టుకున్నాను. ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను. మంచులోకి లాక్కొచ్చి కూర్చోబెడితే భళ్లున కక్కుకుంది. కక్కుకుని, ఊపిరి పీల్చుకుని, మా ఆయన వైపు చూసి మొట్టమొదట అన్న మాట ఇదీ:

"సారీ అంకుల్. మీ రీడింగ్ పాడు చేసినా."

ఆయన మంచులో అలాగే కూలబడిపోయారు. చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఇరవై ఆరేళ్ల కాపురంలో ఆయన ఏడవగా నేను చూడలేదు. నాకు ఏడుపు రాలేదు. చిరిగిన గోడలోంచి లోపలికి చూస్తూ నిలబడ్డాను. పరుపులుండాల్సిన మంచం మీద విప్పి పరిచిన అట్టపెట్టెలు, పొరల మీద పొరలు, మంచం కొలతకి సరిగ్గా కోసినవి. గోడలకి గోదాముల్లో సామాను చుట్టే బుడగల కవర్లు, మా ఆయన వేసిన షీట్ల మీద ఇంకో పొర. బల్ల మీద పుస్తకాలు, కుక్కరు, చిన్న వెంకటేశ్వరస్వామి పటం. పటం ముందు అరటిపండు తొక్క. రాత్రి ఆ పిల్ల తిన్నది అదీ. ఆ ఒక్కపొద్దే దాన్ని బతికించింది. నిన్న రాత్రి గనక అన్నం వండుకుని, ఆ వెచ్చదనానికి అక్కడే నిద్రపోయి ఉంటే, ఇవాళ మేము చీల్చిన గోడ వెనక ఏముండేది?

అగ్నిమాపక దళం, అంబులెన్సు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒకాయన మీటర్ పట్టుకుని లోపలికి తల పెట్టాడు, అది కీచుమని మొత్తుకుంది. గోడ చీల్చాక కూడా అంత ఉందంటే ఇంకో పదిహేను నిమిషాలైతే లాభం లేకపోయేదన్నాడు. అంబులెన్సు అమ్మాయి ఆక్సిజన్ పెట్టి, కాగితం తీసి పేరు అడిగింది.

"బాలత్రిపురసుందరి" అంది, మాస్కు కాస్త ఎత్తి.

ఆ పేరు నేను చదివాను. ఎక్కడ చదివానో ఒక్క క్షణం తట్టలేదు. తట్టేలోపే అంబులెన్సు అమ్మాయి రెండో ప్రశ్న వేసింది. అడ్రసు?

ఆ పిల్ల నావైపు చూసింది. కళ్లు దించుకుంది. ఇంటి నంబరు, వీధి, పోస్టల్ కోడ్ తడుముకోకుండా చెప్పేసి, చివర "బేస్‌మెంట్" అంది. అది మా ఇల్లు.

మా ఆయన నా ముఖంలోకి చూశారు. నేను ఎవరి ముఖంలోకి చూడాలో నాకు తెలియలేదు.

ఆసుపత్రిలో నాలుగు గంటలు ఆక్సిజన్ పెట్టారు. మంచం పక్కన కుర్చీలో కూర్చున్నాను. ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి ఏ ఊరమ్మా అని అడిగాను. ప్రొద్దుటూరు అంది. ఎనిమిదిమంది అమ్మాయిలు కలిసి ఒక ఇంట్లో ఉండేవారట, డిసెంబర్‌లో ఓనరు ఆ ఇల్లు అమ్మేసి అందరినీ ఖాళీ చేయించాడట. మిగతావాళ్లకి తలా ఒక చోట సోఫా దొరికింది. ఈ పిల్లకి దొరకలేదు. షెడ్డుకి అరమైలు దూరంలో గోదాములో పార్ట్ టైమ్ పని, అక్కడి నుంచి కాలేజీకి బస్సు.

"మా అడ్రసు ఎందుకు రాసుకున్నావమ్మా?" అన్నాను. కోపంతో కాదు. కోపం తెచ్చుకునే హక్కు నాకెక్కడుంది?

"ఆగస్టులో మీకు ఫోన్ చేసినా కదా ఆంటీ, బేస్‌మెంట్ కోసం. అప్పుడే దిగినా ఈ దేశంలో. చూసి చెప్తానమ్మా అన్నారు. ఆ పొద్దే బ్యాంకులో అడ్రస్ అడిగినారు. మీరెట్లైనా సరేనంటారులే అని మీ ప్రకటనలో ఉండే అడ్రసే రాసిచ్చినా." మాస్కు సర్దుకుని అంది, "మీరు ఎంత బాగా మాట్లాడినారో ఆంటీ ఆ రోజు. తిన్నావా అని కూడా అడిగినారు."

నాకు ఆ ఫోన్ గుర్తుంది. గుర్తు లేదని ఇప్పుడు అబద్ధమెందుకు? ఇవ్వనని ముఖం మీద చెప్పడానికి నోరు రాక, ఇంకెవరో అడిగారు, వాళ్ల సంగతి చూసి చెబుతానమ్మా అన్నాను. ఇంకెవరూ అడగలేదు. తిన్నావా అని కూడా అడిగాను, మంచిదాన్ననిపించుకోవడానికి.

"మళ్లీ ఎందుకు చేయలేదు మరి?"

"వేరేవాళ్లు వచ్చేసినారేమో అనుకున్నా. పదేపదే అడిగితే బాగుండదు కదా ఆంటీ. అందుకే అంకుల్ మీటింగ్‌కి వచ్చినప్పుడు కూడా నేనేనని చెప్పలేదు. ఊరికే చూద్దామని వచ్చినా. చూసినాక అనిపించింది, అవసరమొస్తే ఇందులో బతకొచ్చు అని. అంకుల్ అంత బాగా చెప్పినారు."

మా ఆయన తలుపు దగ్గర నిలబడి అదంతా విన్నారు. కాఫీ తెస్తానని వెళ్లి ఖాళీ చేతులతో తిరిగొచ్చారు.

సాయంత్రం ఇంటికి పంపించేశారు. ఏ ఇంటికి అని ఎవరూ అడగలేదు, అడ్రసు కాగితం మీదే ఉంది. మా ఇంటికి తీసుకొచ్చాం. పై గదిలో మా అమ్మాయి మంచం ఉంది, అక్కడ పడుకోమన్నాను. ఆ పిల్ల ఒప్పుకోలేదు. ఒక్కసారి బేస్‌మెంట్ చూస్తాను ఆంటీ, ఎట్లుంటుందో అని చాలాసార్లు అనుకున్నా అంది.

మెట్లు దిగి లైటు వేశాను. కార్పెట్టు, కిటికీ, చిన్న వంటగట్టు, బాత్‌రూము. గోడకి ఆనించిన రెండు పరుపులు, దుమ్ము పడకుండా దుప్పటి కప్పి. ఆ పిల్ల దుప్పటి ఎత్తి చూసి గుర్తుపట్టింది.

"ఇవి క్యాంపర్‌వి కదా అంకుల్? అట్టలు వీటి సైజుకే కోసినా." అరచెయ్యి దాని మీద ఆనించింది. "వెచ్చగా ఉండాయి" అంది.

"చెమ్మ పడతాయని తెచ్చామమ్మా" అన్నారు మా ఆయన. అని వెంటనే మెట్లెక్కి పైకి వెళ్లిపోయారు. నాకు పారిపోవడానికి దారి లేదు. ఆగస్టులో చూసి చెబుతానన్నది నేను. జవాబు బాకీ నాది.

"ఇక్కడే ఉండమ్మా. చదువయ్యే దాకా ఉండు. బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది" అన్నాను.

ఆ పిల్ల ముఖం ఒక్కసారి విప్పారింది. గది నాలుగు వైపులా చూసుకుంది. కిటికీ చూసుకుంది. తరవాత, పాపం, మర్యాద కోసమే అడిగింది:

"వాళ్లు ఎప్పుడు ఖాళీ చేసినారు ఆంటీ?"

పాతికేళ్లు ఇతరుల తప్పులు పట్టినదాన్ని. ఒక్క అబద్ధం చాలు, నిన్ననే వెళ్లారమ్మా అంటే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. ఆ పిల్ల చెయ్యి ఇంకా పరుపు మీదే ఉంది.

"ఎవరూ లేరమ్మా" అన్నాను. "ఆగస్టు నుంచీ ఖాళీయే. డిసెంబర్‌లో ఈ పరుపులు తెచ్చి పెట్టాం."